అజ్ఞాత గాయకుల పాట: మూలములు, ధ్వనిముద్రణ రీతి

హైదరాబాదునుండి షోలాపురమునకు పోవు రాజమార్గమున జహీరాబాదు దాటి కన్నడసీమలో ప్రవేశించిన బాటసారికి తగులు ముఖ్యమైన ఊళ్లలో హుమ్నాబాదు ఒకటి. నిజాము రాజ్యకాలమున ఇది బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న భాషారాష్ట్రములు ఏర్పడినపుడు ఆ జిల్లా మూడు ముక్కలైనది. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు మెదకు జిల్లాలో చేరి తెలుగు రాష్ట్రమునకు పోయినవి. ఉద్‌గీరు మొదలగునవి మరాఠీసీమకు పోయినవి. హుమ్నాబాదు మైసూరు రాష్ట్రమునకు వచ్చినది. పటములపై గీతలు గీయుట ఒక దినపు పని. జనుల నోళ్లలోని పాటను అట్లు విభజించుట ఎవరి తరమును కాదు. హుమ్నాబాదును అంటియున్న మాణిక్‌నగరమున పందొమ్మిదవ శతాబ్దిలో మాణిక్ ప్రభువు మరాఠీ, కన్నడ, హిందీ భాషలలో పదములు కట్టెను. అవి నేటికిని అచ్చట పాడబడుచున్నవి. ఒక నోటినుండి వేరొక నోటికి, ఒక భాషనుండి వేరొక భాషకు పాట నడచిపోవుట ఈ సీమకు క్రొత్త గాదు.

అట్లు నడచిన పాటలలో ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున పుట్టిన జననాట్యమండలి పాటకు ఒక విశిష్టస్థానము కలదు. ఆ పాట ఏయే కళారూపములనుండి పుట్టినది? కంఠమునుండి టేపునకు ఎట్లు చేరినది? చేరుటలో ఏమి పొందినది, ఏమి కోల్పోయినది? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆ సంస్థ సాయుధ పోరాటమును నమ్మిన రాజకీయపక్షమునకు సాంస్కృతికాంగముగా పనిచేసినది. ఆ మార్గము మంచిచెడ్డలపై తెలుగువారిలో తీవ్రమైన భిన్నాభిప్రాయములు కలవు. ఇరువైపుల అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ వివాదము నిర్ణయించుట ఇచ్చటి పని గాదు. ఇచ్చట చర్చింపబడునది పాట.

మూలములు

1943 ప్రాంతమున ప్రజానాట్యమండలి ఆంధ్రదేశమున వెలసినది. డాక్టరు గరికపాటి రాజారావు వంటి నాటకప్రయోక్తలును, షేక్ నాజరు వంటి గాయకులును అందు పనిచేసిరి. జంగము కథగా వ్యవహరింపబడుచుండిన ప్రాచీనరూపమును నాజరు బుర్రకథగా సంస్కరించి, పురాణవీరులకు బదులు సమకాలికుల కథలను అందులో చెప్పెను. నడుమ తంబురా ధరించిన కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలు, ఒకరు హాస్యము, ఒకరు రాజకీయము: ఇది దాని కట్టడి. ఈ కట్టడిలోని శక్తిని ప్రభుత్వమే మొదట గుర్తించినదనవచ్చును. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రచించిన ‘మా భూమి’ నాటకమును, మండలివారి బుర్రకథలను 1940ల చివర మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. ఆ కాలముననే తెలంగాణమున సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల ఫణితిలో పాటలు కట్టి ఊరూర పాడెను. నిజాము పాలనను నిలదీయుచు బండి యాదగిరి కట్టిన బండ్లపాట ఆనాటిదే. ఈ పాటలకు ధ్వనిముద్రికలు లేవు. అవి విన్నవారి స్మృతియే వాటికి భాండాగారము.

రెండవ పాయ శ్రీకాకుళమునుండి వచ్చినది. బొడ్డపాడు గ్రామవాసి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను చేపట్టి ఉద్యమప్రచారమునకు వాడెను. జముకు అనగా ఒకవైపు తోలు బిగించి, ఆ తోలునుండి వచ్చు తీగను మీటి పలికించు పాత్రవంటి వాద్యము. ఆ మ్రోత వినినవారు మరువరు. పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల కాల్పులలో మరణించెను. ఉత్తరాంధ్ర గాత్రము అంతటితో ఆగలేదు. విశాఖపట్టణమున నౌకానిర్మాణ కర్మాగారమున పనిచేసిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఆ యాసను, ఆ తూగును తరువాతి తరమునకు అందించెను.

మూడవ పాయ సికిందరాబాదు, మెదకు ప్రాంతములది. బి. నర్సింగరావు ప్రోత్సాహమున నడచిన ఆర్ట్ లవర్స్ అను సంస్థ 1972లో జననాట్యమండలి అయినది. తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు బుర్రకథకుడుగా అందులో చేరెను. రిక్షా కార్మికునిపై కట్టిన పాట అతని తొలి రచనలలో ప్రసిద్ధము. గదర్ పార్టీ పేరునుండి తీసికొన్న ‘గద్దర్’ అను నామముతోనే లోకము అతనిని ఎరుగును. అతని తల్లి లచ్చుమమ్మ కూలిపనులలో పాడిన పాటలు అతనికి తొలి పాఠములు. నాటు వేయునపుడు, కలుపు తీయునపుడు, బిడ్డను ఊపునపుడు స్త్రీలు పాడు బాణీలు అతని పాటలలో పదేపదే వినవచ్చుటకు కారణము ఇదియే.

ఈ మూడు పాయలకు ఒగ్గుకథ, వీధిభాగోతము, యక్షగానము తోడైనవి. కనుక జననాట్యమండలి పాటను ఒక కవి సృష్టి అనుట పొసగదు. గద్దర్, వంగపండు, గూడ అంజయ్య (1955–2016) మొదలగువారి కలములు అందు ప్రధానమైనవి. వాటి క్రింద శతాబ్దముల జానపద సంప్రదాయము కలదు. కురుమలు మల్లన్నకథను చెప్పుటకు వాడిన తూగును, మాదిగలు ఊరిలో దండోరా వేయుటకు వాడిన డప్పును క్రొత్త కథకు వాడుట, ఊరిలో తక్కువగా చూడబడిన వాద్యమును వేదిక నడుమ నిలుపుట, ఇవి ఆనాటి సమాజమున సామాన్యమైన మార్పులు గావు.

పాట కట్టిన తీరు

ఈ పాట నిర్మాణము పరిశీలింపదగినది. పల్లవి పొట్టిది, ఒక్కసారి వినగానే నోటికి వచ్చును. ముఖ్యగాయకుడు ఒక చరణము పాడగా, వెనుకనున్న బృందము దానిని మరల పాడును. ఆ పునరుక్తి వట్టి అలంకారము గాదు. చదువురాని శ్రోత రెండవసారి విని నేర్చుకొనును. మూడవసారి తానే పాడును. గోచి, భుజముపై గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జె: ఇవి గద్దర్ వేషము. గజ్జెయు ఒక వాద్యమే. అడుగు పడినపుడెల్ల తాళము పడును. చరణమునకు చరణమునకు నడుమ గాయకుడు మాటలాడును, ప్రశ్నించును, ఆ ఊరి సంగతి చేర్చును. అందుచేత ఒకే పాట ఒకచోట అయిదు నిమిషములు, వేరొకచోట అర్ధగంట పట్టుట కలదు.

భాష విషయమున ఒక మాట. ఈ పాటలు పాఠ్యపుస్తకముల తెలుగు గావు. తెలంగాణపు ఇంటిమాట, ఉత్తరాంధ్రపు పల్లెమాట యథాతథముగా వాటిలో నిలిచినవి. ఉర్దూ, కన్నడ, మరాఠీ పదములు కలిసిన సరిహద్దుసీమ తెలుగును మాటలాడువారికి ఆ భాష పరాయిదిగా తోపదు. నిఘంటువులకెక్కని వ్యవసాయపదములు, పనిముట్ల పేర్లు వీటిలో అనేకములు కలవు. భాషాపరిశోధకునకు ఇది చిన్న నిధి గాదు.

కంఠమునుండి టేపునకు

మన దేశమున వ్యాపారపరమైన ధ్వనిముద్రణము 1902లో కలకత్తాలో ఆరంభమైనది; తొలినాళ్లలో ముద్రితమైన గాయకులలో గౌహర్ జాన్ ప్రసిద్ధురాలు. ఆనాటి పళ్లెము ఒక ప్రక్కకు మూడు నిమిషములు పట్టుటయే గగనము. ముద్రణయంత్రము నగరములలో, ఒకటి రెండు కంపెనీల చేతిలో ఉండెను. అట్టి యంత్రమునకు వీధిపాట అవసరము లేదు. వీధిపాటకు ఆ యంత్రము అందుబాటులో లేదు. చలనచిత్రము కొంత దారి యిచ్చినది. రాజారావు తీసిన ‘పుట్టిల్లు’ (1953) చిత్రమున నాజరు బుర్రకథ చేరినది. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ చిత్రము ‘మా భూమి’కి నర్సింగరావు నిర్మాతలలో ఒకరు. అందులో బండి యాదగిరి పాటను గద్దర్ తెరపై కనబడి పాడెను. మూడు దశాబ్దములు నోటిమాటగా బ్రతికిన పాట అప్పుడు యంత్రమున నిలిచి, వినని ఊళ్లకు కూడ పోయినది.

అసలు మార్పు క్యాసెట్టు తెచ్చినది. ఫిలిప్స్ కంపెనీ 1963లో వెలువరించిన ఈ చిన్న పెట్టె 1970ల చివర, 1980లలో మన దేశమున విరివిగా వ్యాపించినది. గల్ఫు దేశములకు పోయినవారు టేపు రికార్డరులు తెచ్చిరి. బజారులో ఖాళీ క్యాసెట్లు చవుకగా దొరకినవి. అరువది నిమిషముల క్యాసెట్టు ఒక ప్రక్కకు ముప్పది నిమిషములు పాడును. పళ్లెమును కర్మాగారము మాత్రమే చేయగలదు; క్యాసెట్టుకు రెండు యంత్రములున్న ఎవడైనను నకలు తీయగలడు. జననాట్యమండలి సభలలో చవుకవెల పాటల పుస్తకములతోపాటు క్యాసెట్లును అమ్ముడుపోయినవి. కొన్నవాడు నకలు తీసి మరియొకనికి ఇచ్చెను. ఎన్ని నకళ్లు తిరిగినవో లెక్కగట్టుట అసాధ్యము.

1985లో గద్దర్ అజ్ఞాతవాసమునకు పోయెను. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజి మైదానమున మరల ప్రజలముందు నిలిచినపుడు లక్షలాది జనులు చేరిరి. ఆ అయిదేండ్లు మనిషి కనబడలేదు. పాట వినబడుచునే యుండెను. ఈ యొక్క సంగతి చాలును, క్యాసెట్టు చేసిన పని యేమో తెలిసికొనుటకు.

అయితే ఈ లాభమునకు మూల్యము లేకపోలేదు. డప్పు నిప్పుసెగకు కాచి బిగించిన తోలు. కుడిచేతి సిర్ర దెబ్బ పిడుగువలె పడును. ఎడమచేతి చిటికెనపుల్ల సన్నగా చిటచిటలాడును. ఆకస్మికముగా ఎగసిపడు అట్టి ధ్వనిని టేపు పూర్తిగా పట్టజాలదు. హద్దు దాటినంతనే బొంగురువోవును. డప్పును మైకునకు దూరముగా నిలిపినచో దాని ఒరపు తగ్గును. దగ్గరగా నిలిపినచో మాట మునిగిపోవును. నకలుకు నకలు తీసినకొలది సన్నని ధ్వనులు చెరగి, టేపు సొద పెరుగును. నాలుగవ నకలులో చిటికెనపుల్ల వినబడక, సిర్ర మాత్రము మిగులును. అర్ధగంట సాగు పాట క్యాసెట్టులో తన వంతునకు కుదించుకొనవలసివచ్చును. గాయకుడు ఆ ఊరి సంగతి చేర్చు ఖాళీ పోవును. వేలమంది కలిసి పాడిన పల్లవి నలుగురైదుగురు పాడిన పల్లవి యగును.

దూరదేశపు సాదృశ్యము

ఇదే కాలమున ఇంగ్లాండులో జరిగిన ఒక సంగతితో దీనిని పోల్చుట ఉపయుక్తము. ఇనుపకర్మాగారములకు పేరుపొందిన బర్మింగ్‌హాం నగరపు చేరువనున్న మెరిడెన్ గ్రామమున 1981లో ఇద్దరు బడిపిల్లలు నేపాం డెత్ అను వాద్యబృందమును ప్రారంభించిరి. నేపాం అనగా యుద్ధములలో, ముఖ్యముగా వియత్నాములో, మనుష్యులపై కురిపించిన అగ్నిద్రవ్యము. యుద్ధమును, లాభమునకై జనులను నలిపివేయు కంపెనీలను నిందించుట వారి పాటల వస్తువు. హార్డ్‌కోర్ పంక్ అను వేగపు సంగీతమునుండి వారు గ్రైండ్‌కోర్ అను మరింత వేగవంతమైన, కఠోరమైన రీతిని రూపొందించిరి.

వారి మూలములును బహుముఖములు. తమ రికార్డులను తామే వెలువరించుకొన్న క్రాస్ బృందమునుండి స్వావలంబనమును, స్టోక్ నగరపు డిస్‌చార్జ్ బృందమునుండి గుఱ్ఱపు దౌడువంటి తాళమును, న్యూయార్కు స్వాన్స్ బృందమునుండి బరువైన మందగతిని, అమెరికాలోని మాసచూసెట్సుకు చెందిన సీజ్ బృందమునుండి అపారవేగమును గ్రహించిరి. ఈ చివరి బృందము పాటలు పెద్ద కంపెనీల ద్వారా గాక, క్యాసెట్టు నకళ్లుగా, టపాలో ఒక దేశమునుండి మరొక దేశమునకు పోయినవి. తెలుగుసీమలో సభనుండి సభకు పోయినట్లే అవియు చేతినుండి చేతికి పోయినవి.

1987 జూలైలో వెలువడిన వారి తొలి రికార్డు ‘స్కం’. దాని మొదటి ప్రక్క 1986 ఆగస్టులో బర్మింగ్‌హాంలోని ఒక స్టూడియోలో సుమారు ఏబది పౌనుల ఖర్చుతో ముగిసినది. రెండవ ప్రక్క 1987 మేలో ముద్రితమైనది. ఈ నడుమ సభ్యులు మారిపోయిరి. డ్రమ్ములు వాయించిన మిక్ హారిస్ ఒక్కడే రెండు ప్రక్కలందును కలడు. నాటింగ్‌హాంలోని ఇయరేక్ అను చిన్న సంస్థ దానిని ప్రచురించినది. ముప్పదిమూడు నిమిషములలో ఇరువదియెనిమిది పాటలు కలవు. వాటిలో ఒకటి సెకను పైచిలుకు మాత్రమే నిలుచును. ప్రపంచములోకెల్ల పొట్టిపాటగా గిన్నిస్ గ్రంథమున ఎక్కినది. వాద్యములను విడివిడిగా మెరుగుపరచి కూర్చుటకు డబ్బును లేదు, కాలమును లేదు. కలిసి వాయించినదే ముద్రితమైనది. ఆ గరుకుదనమే ఆ రికార్డు ప్రసిద్ధికి కారణమైనది. బి.బి.సి. రేడియోలో జాన్ పీల్ దానిని వినిపించినపుడు, పెద్ద కంపెనీల నునుపైన సంగీతమునకు అలవాటుపడిన శ్రోతలు ఉలికిపడిరి.

ఈ రెండు సంప్రదాయములకు పరస్పర పరిచయమున్నదని చెప్పరాదు. పోలిక పరిస్థితులలో ఉన్నది. రెండింటికిని ధనము లేదు. రెండింటికిని వ్యాపారసంస్థల ఆదరణ లేదు. రెండును అరువు తెచ్చుకొన్న బాణీలను కలిపి క్రొత్తరూపము చేసినవి. రెండును సభ్యులు మారినను పాట ఆగని బృందములు. భేదమును అంతే స్పష్టము. బర్మింగ్‌హాం యువకుల పాటలో మాట ధ్వనిలో కరగిపోవును. అర్థము తెలియగోరువాడు రికార్డు అట్టపై అచ్చైన సాహిత్యమును చదువుకొనవలెను. కనుక వారి శ్రోత అక్షరాస్యుడు. తెలుగు గాయకుని శ్రోత అనేకచోట్ల నిరక్షరాస్యుడు. మాట తెలియకున్న పాట వ్యర్థము. అందుచేత బర్మింగ్‌హాంలో గరుకు ముద్రణము గుణమైనది. తెలుగుసీమలో అదే గరుకుతనము మాటను కప్పినపుడు దోషమైనది. ఒక ముద్రణము మంచిదా చెడ్డదా అను విచారణలో, ఎవరి చెవికై అది జరిగినదో మొదట అడుగవలెనని ఈ రెండు చరిత్రలు బోధించుచున్నవి.

పిమ్మటి కథ

ఆ రాజకీయపక్షమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1992లో నిషేధించినది. 1997 ఏప్రిల్ 6న దుండగులు గద్దర్‌పై కాల్పులు జరిపిరి. ఒక గుండు చివరివరకు అతని వెన్నులోనే నిలిచిపోయినది. 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’ చిత్రములోని అన్నచెల్లెండ్ర పాటకు ప్రభుత్వము నంది పురస్కారము ప్రకటింపగా అతడు నిరాకరించెను. 2023 ఆగస్టు 6న అతడు మరణించెను. 2024లో తెలంగాణ ప్రభుత్వము తన చలనచిత్ర పురస్కారములకు అతని పేరే పెట్టినది. 2025లో వాటిని తొలిసారి ప్రదానము చేసినది. పురస్కారమును వలదన్న గాయకుని నామము పురస్కారమునకే నామమగుట చరిత్రలోని విచిత్రములలో ఒకటి. కన్నడసీమలోను 1970లలో ఇట్టి పాటకాలము కలదు. సముదాయ నాటకబృందములు, కవి సిద్ధలింగయ్య దళితగీతములు ఆ కాలముననే పుట్టినవి. తెలుగు డప్పును ఇచ్చటి కన్నడిగులు హలగె అందురు. పేరు వేరు, దెబ్బ ఒకటే.

నేడు ఒక ఆపద సమీపించుచున్నది. టేపునకు ఆయువు తక్కువ. తేమకు అంటుకొనును, వేడికి సాగును, పూత రాలును. దానిని పాడించు యంత్రములును బజారులో కరవగుచున్నవి. రాజకీయముగా ప్రసిద్ధమైన నాలుగు పాటలు మాత్రము అన్నిచోట్ల వినబడును. ప్రసిద్ధికెక్కని పాటలు, సభలలో ముద్రితమైన మాటలు, పేరు తెలియని వంతగాయకుల కంఠములు పాత క్యాసెట్లతోపాటు నశించును. సరిహద్దు పట్టణములలోని తెలుగు కుటుంబముల ఇండ్లలో, అటకలపై, పాత ట్రంకుపెట్టెలలో అట్టివి ఉన్నచో వాటిని పారవేయకుండ, ఏ ఊరిలో, ఏ యేట, ఎవరు పాడినదో వ్రాసి, క్రొత్త సాధనములలోనికి ఎక్కించి, తెలుగు సంఘముల గ్రంథాలయములకు అందజేయుట కర్తవ్యము. ఆ పాటలతో ఏకీభవించువారికిని, ఏకీభవింపనివారికిని ఇది సమానమైన కర్తవ్యమే. వినని పాటను మెచ్చుటయు కుదరదు, ఖండించుటయు కుదరదు.

కన్నడము ఏలుభాషగా గల సీమలో తెలుగు చదువుకొను పిల్లలకు ఈ సేకరణ వలన వేరొక ప్రయోజనమును కలదు. వారు బడిలో నేర్చు తెలుగు ఒకటి, ఇంట అవ్వ పలుకు తెలుగు మరియొకటి. అవ్వ మాట తప్పని తలచి వారు సిగ్గుపడుటయు కలదు. అదే మాట లక్షలమంది ముందు, గజ్జె కట్టిన గాయకుని నోట, డప్పు మ్రోతతో వినిన పిల్లవాడు ఆ తలపు మార్చుకొనును. మాణిక్‌నగరపు పదములను కాపాడినది వాటిని నమ్మి దినదినము పాడినవారు. ఈ పాటలను కాపాడవలసినవారు వాటిని ఒకప్పుడు విన్నవారు. వారు ఇంకను మన నడుమ కలరు.